ఈసీజీ బాగుంది... మరి ఈ నొప్పి ఎక్కడిది?

ప్రశ్న: నా వయసు 46. మూడు నెలలుగా అప్పుడప్పుడు ఛాతీ మధ్యలో పట్టేసినట్టు బిగుతుగా ఉంటోంది. ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు బాగానే ఉన్నాయన్నారు. గ్యాస్ అయ్యుంటుందని మాత్రలు ఇచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. యాంజియోగ్రామ్ చేయించుకుంటే తేలిపోతుందా?

– ఓ సోదరి, ఖమ్మం

జవాబు: మీ పరీక్షలు బాగుండటం మంచిదే. కానీ అవి ఏం చెప్పాయో, ఏం చెప్పలేదో తెలుసుకోవాలి. ఈసీజీ తీసేది మీరు నింపాదిగా పడుకున్నప్పుడు. గుండె రక్తనాళం కొంత పూడుకున్నా, ఆ సమయంలో గుండెకు కావాల్సినంత రక్తం అందుతుంది కాబట్టి గీతలు మామూలుగానే రావచ్చు. రక్తపరీక్షలో చూసే ట్రోపోనిన్ గుండె కండరం దెబ్బతింటేనే పెరుగుతుంది. నొప్పి మొదలైన వెంటనే చూస్తే అప్పటికింకా పెరిగి ఉండకపోవచ్చు. అందుకే కొన్ని గంటల తేడాతో మరోసారి చేస్తారు. అంటే ఇవి ఆ పూటకు పెద్ద ప్రమాదం లేదని చెబుతాయే గానీ నొప్పికి కారణం చెప్పవు. దాన్ని పట్టిచ్చేది నొప్పి నడవడికే. ఈసీజీ యంత్రం పుట్టకముందే, 1772లో విలియం హెబర్డెన్ అనే ఇంగ్లండు వైద్యుడు గుండెనొప్పిని స్పష్టంగా వర్ణించారు. నడుస్తుంటే, ముఖ్యంగా ఎత్తు ఎక్కుతుంటే ఛాతీ పట్టేసి, ఆగగానే తగ్గిపోవటం దాని గుర్తు.

కాబట్టి నొప్పి ఎక్కడ అన్నదానికన్నా ఎప్పుడు, ఏం చేస్తుంటే అన్నది ముఖ్యం. మెట్లెక్కితే వచ్చి నిలబడితే పోయేదాన్ని, పరీక్షలు ఎంత బాగున్నా, ముందు గుండెదిగానే అనుమానించాలి. పడుకున్నా, వంగినా మంటతో, పులితేన్పులతో వస్తే కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నుతుండొచ్చు. వేలితో నొక్కితే సరిగ్గా అదే నొప్పి పుడితే పక్కటెముకల మృదులాస్థి వాపు కావచ్చు. వెల్లకిలా పడుకుంటే ఎక్కువై, ముందుకు వంగి కూర్చుంటే తగ్గేది గుండె చుట్టూ ఉండే పొర వాపుకు ఆనవాలు. ఒకవైపే పట్టీలా మండితే సర్పి కావచ్చు. పొక్కులు కొన్ని రోజుల తర్వాతే కనిపిస్తాయి. రక్తహీనత ఎక్కువగా ఉన్నా గుండె మీద భారం పెరిగి ఛాతీ పట్టేయవచ్చు.

'గ్యాస్ మాత్రతో తగ్గింది కదా, ఇంకేం అనుమానం?' అనిపించొచ్చు. గుండెనొప్పి కూడా కాసేపు కూర్చుంటే దానంతటదే తగ్గుతుంది; ఆ పేరు మాత్రకు వస్తుంది. తిన్నాక వచ్చిందంటే గ్యాసేననీ అనలేం, భోజనం చేసి నడిచినప్పుడు గుండెనొప్పి త్వరగా రావచ్చు. దీనికి తలకిందులుగానూ పొరబడొచ్చు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రతో తగ్గితే గుండెదేనని రుజువు కాదు. అన్నవాహిక కండరాలు బిగుసుకుని పుట్టే నొప్పీ దానితో తగ్గుతుంది.

మరి యాంజియోగ్రామ్‌తో తేల్చేసుకోవచ్చు కదా అంటే, అది పెద్ద నాళాలను చూపుతుంది గానీ గుండె కండరంలోని సన్నటి నాళాలను చూపలేదు. ఈ నాళాల లోపంతో వచ్చే నొప్పి ఆడవాళ్లలో ఎక్కువ. పైగా నాళంలోకి గొట్టం పంపే పరీక్ష కాబట్టి కొద్దిపాటి ముప్పూ ఉంది. అవసరం ఉన్నవారికి అది తప్పనిసరే, కానీ అందరికీ మొదటి మెట్టు కాదు. ఇక నొప్పికి మరో కారణం ఆందోళన, అది కూడా ఛాతీని నిజంగానే బిగదీస్తుంది. దాన్ని ఊహ అని కొట్టిపారేయటం ఎంత తప్పో, మిగతావి చూడకుండా ఆ ముద్ర వేయటమూ అంతే తప్పు.

రెండు వారాల పాటు నొప్పి వచ్చిన ప్రతిసారీ వేళ, అప్పుడు చేస్తున్న పని, ఎంతసేపు ఉందో, దేనితో తగ్గిందో రాసుకోండి. ఆ కాగితంతో గుండె వైద్యుణ్ని కలిస్తే ట్రెడ్‌మిల్ పరీక్ష కావాలో, గొట్టం పంపకుండా స్కాన్‌తో చేసే సీటీ యాంజియో కావాలో, జీర్ణకోశ నిపుణుల దగ్గరికి వెళ్లాలో తేలుతుంది. హిమోగ్లోబిన్, షుగర్, కొలెస్ట్రాల్, బీపీ కూడా చూపించుకోండి. అయితే చెమటలు, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి, స్పృహ తప్పుతున్నట్టు ఉండటం, లేదా పావుగంట దాటినా తగ్గని బిగుతు ఉంటే ఈ రాతకోతలేవీ వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవారిలో అసలు నొప్పి లేకుండా ఆయాసమే కనిపించవచ్చు. పాత ఈసీజీ బాగుందన్న ధీమా ఆ రోజుకు పనికిరాదు.