పలక పట్టిన ఫాదర్



పోయిన తపఃకాలంలో ఒక ఆదివారం పూజ ముగిసి జనం వెళ్ళిపోయాక, మా విచారణకు చెందిన ఒక తల్లి గుడి మెట్ల మీద నా కోసం కాచుకొని ఉంది. నల్లగొండ జిల్లా పల్లె నుండి వచ్చి నగరంలో స్థిరపడిన కుటుంబం. ఆమె రెండవ కుమారుడు ఒక మఠవాస సభలో చేరి గురుపట్టం పొందారు. సభ పెద్దలు ఆయనను అరబ్బు ఎమిరేట్సులోని మన విశ్వాసుల సేవకు పంపుతున్నారు. ఆ సంతోషంతో కృతజ్ఞతా పూజ చెప్పించుకోవడానికి వచ్చింది కాబోలు అనుకొన్నాను. కాదు.

“ఫాదర్, మావోనికి తెలుగొస్తది, ఇంగ్లీషొస్తది. బజార్ల మాట్లాడేటంత ఉర్దూ చిన్నప్పటి సంది వొస్తది. మరి పాతబస్తీల ఎవరో సాయబు ఇంటికి పోయి చిన్న పోరగాని లెక్క పలక పట్టుకొని కూసుంటున్నడు. పదేండ్లు సెమినరీల చదివింది సాలదా?”

ఆమె గొంతులో కోపం కంటే నామోషీ ఎక్కువగా ఉంది. గురువుగా పీఠం వద్ద నిలబడిన కొడుకును మళ్ళీ ఒకటవ తరగతిలో చూడడం ఏ తల్లికైనా కష్టమే. అప్పుడు నేను సూటిగా జవాబు చెప్పలేకపోయాను. ఈ వారం మీ అందరితో ఆ జవాబు చెప్పుకొందామని ఈ వ్యాసం.

ముందుగా ఆ చదువు ఎలా సాగిందో వినండి. ఛత్తాబజార్ మీకు తెలిసే ఉంటుంది. పెండ్లి కార్డులు అచ్చువేసే దుకాణాల వీధి. ఒకప్పుడు అక్కడ ఉర్దూ అక్షరాలు చేత్తో అందంగా రాసే కాతిబులు చాలామంది ఉండేవారు. కంప్యూటర్లు వచ్చాక వారి సంఖ్య బాగా తగ్గిపోయింది. ఆ వీధి వెనుక గల్లీలో రిటైరైన ఒక బడిపంతులు గారి ఇల్లు. ఉస్తాద్ గారు మొదటి రోజే షరతు పెట్టారట: “మీకు వచ్చిన బజారు ఉర్దూ గుమ్మం బయట వదలి రండి. వెళ్ళేటప్పుడు తీసుకొని వెళ్ళండి.”

చిన్న ఫాదర్ గారు నాతో చెప్పిన సంగతులు కొన్ని రాస్తాను. ఉర్దూలో మనం ‘జ’ అని పలికే శబ్దానికి దగ్గరగా వినిపించేవి నాలుగు అక్షరాలున్నాయి: జాల్, జే, జ్వాద్, జోయ్. చెవికి నాలుగూ ఒకటే, రాతలో వేరు. అక్షరం మాట మొదట ఉంటే ఒక రూపం, నడుమ ఉంటే ఒకటి, చివర ఉంటే మరొకటి. అన్నిటికంటే ముఖ్యం చుక్క. దానిని నుక్తా అంటారు. ‘ఖుదా’ అంటే దేవుడు. అదే అక్షరానికి పైనున్న చుక్క కిందికి జారితే ‘జుదా’ అవుతుంది. అంటే విడిపోయినది, వేరైనది. ఒక్క చుక్క! ఉస్తాద్ గారు పలక మీద ఆ రెండు మాటలూ పక్కపక్కన రాయించి, “ఫాదర్ సాబ్, మీ పనిలో ఈ చుక్క చాలా జాగ్రత్త” అన్నారట.

తెలుగువాడికి మరొక చిక్కు ఉంది. మన భాషలో ఉర్దూ మాటలు బోలెడు కలిసిపోయి ఉన్నాయి: కాగితం, దుకాణం, ఖర్చు, జవాబు, హాజరు, కబురు. అందుచేత సగం వచ్చేసినట్లే అనుకొంటాం. ఆ సగమే మోసం చేస్తుంది. మనకు రాజీనామా అంటే ఉద్యోగం వదులుకోవడం. ఉర్దూలో అది ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందపత్రం; ఉద్యోగం వదిలే కాగితాన్ని ఇస్తీఫా అంటారు. మనకు సవాలు అంటే ‘రా, తేల్చుకొందాం’ అనడం. వారికి సవాల్ అంటే ఉత్త ప్రశ్న. ప్రశ్న అడిగినవాణ్ణి కయ్యానికి దిగినట్లు చూసే గుణం మనలో కొందరు బోధకులకు లేకపోలేదు గాని, అది వేరే సంగతి.

ఇక ఇంటిపని. చార్మినార్ నుండి శాలిబండ దాకా నడిచి, దారిలో పదిమందితో మాట్లాడి రావాలి. మరునాడు అప్పజెప్పవలసింది తాను ఏమన్నాడో కాదు, వారు ఏమన్నారో. ఏ మాటతో పలకరించారు, ‘ఆప్’ అన్నారా, ‘తుమ్’ అన్నారా, ‘అవును’కు ‘హౌ’ అన్నారా, ‘వద్దు’కు ‘నక్కో’ అన్నారా, ఎక్కడ నవ్వారు, ఎక్కడ ఆగారు. మొదటి రెండు వారాలూ చిన్న ఫాదర్ గారికి సగం గుర్తుండేది కాదు. “ప్రసంగం సిద్ధం చేసుకోవడమే నేర్చుకొన్నాను ఫాదర్, ఎదుటివారి మాట గుర్తుపెట్టుకోవడం ఎవరూ నేర్పలేదు” అన్నారు నాతో.

ఈ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను. ఇన్నేండ్లలో నేను ఎవరికీ చెప్పని సంగతి.

నేను కోస్తా జిల్లాలవాణ్ణి. 1990ల చివరిలో కొత్తగా గురుపట్టం పొంది తెలంగాణ పల్లె విచారణకు సహాయ గురువుగా వచ్చాను. తత్వశాస్త్రంలో మంచి మార్కులు. తెలుగువాణ్ణి తెలుగుదేశంలోనే ఉన్నాను గదా, భాష నేర్చుకోవలసిన పనేమిటి? ఒక గురువారం ఒక ముసలమ్మ వచ్చి, “మా ముసలాయనకు పానం బాగలేదు, జర వొచ్చి పోండ్రి అయ్యా” అంది. పానం అంటే నా చెవికి మద్యపానమే వినిపించింది. ఆ వారమే తాగుడు మీద ప్రసంగించాను కూడా. ముసలాయన తాగి గొడవ చేస్తున్నాడు కాబోలు అనుకొని, “ఆదివారం పూజకు తీసుకొని రామ్మా, నేను మాట్లాడతాను” అన్నాను. ఆమె కాసేపు నా ముఖం చూసి వెళ్ళిపోయింది. పానం అంటే ప్రాణం. పానం బాగలేదంటే ఒంట్లో బాగలేదని. ఆ ముసలాయన శనివారం తెల్లవారుజామున అభ్యంగనం లేకుండా, సత్ప్రసాదం లేకుండా కన్నుమూశాడు. భూస్థాపనకు వెళ్ళినప్పుడు ఉపదేశి గారు ఆ మాటకు అర్థం చెప్పారు. ఆ ముసలమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

తెలుగు నుండి తెలుగుకే ఇంత దూరముంటే, సముద్రం దాటి వెళ్ళేవారి సంగతి ఏమిటి?

అపొస్తలుల కార్యములు రెండవ అధ్యాయం ఈసారి చదివేటప్పుడు ఒక విషయం గమనించండి. పెంతెకోస్తు దినాన శిష్యులు ఎన్ని భాషలు మాట్లాడారన్న దానితో పాటు, కూడినవారిలో ప్రతి ఒక్కరూ తమ తమ భాషలో విన్నారని లూకాగారు మరీ మరీ చెబుతారు. ఆ అద్భుతం వినేవాడి చెవి దగ్గర పూర్తయింది. మనకు ఆ అగ్నినాలుకలు లేవు; పలక ఉంది. పునీత అగస్తీను వారు తమ ఆత్మకథలో లాటిను తాను దాదుల ముద్దుమురిపాల మధ్య నేర్చుకొన్నానని, గ్రీకును మాత్రం బెత్తం భయంతో చదివి అసహ్యించుకొన్నానని చెప్పుకొన్నారు. నవ్వే మనుషుల మధ్యే భాష అబ్బుతుందని అంత గొప్ప పండితుడే ఒప్పుకొన్నారన్నమాట.

మన తెలుగు శ్రీసభ చరిత్రలోనూ పలక పట్టిన ఫాదర్లు ఉన్నారు. గాస్తోన్ కూర్దూ అనే ఫ్రెంచి జేసుసభ గురువు 1732లో మన దేశం వచ్చి, ఇప్పటి అనంతపురం ప్రాంతంలోని కృష్ణాపురం కేంద్రంగా తెలుగువారి మధ్య పనిచేశారు. తెలుగు, సంస్కృతం నేర్చుకొన్నారు. సంస్కృతానికి లాటిను, గ్రీకులతో చుట్టరికం ఉందని 1767లో ఫ్రాన్సు పండితులకు రాసింది ఆయనే. పండితులు ఆయనను దానికే తలచుకొంటారు. నాకు నచ్చేది మరొకటి. 1742లో ఆయన కోరమాండల్ తీరంలో బట్టల మీద రంగుల అద్దకం ఎలా చేస్తారో వివరిస్తూ ఒక పొడవాటి ఉత్తరం రాశారు. ఆ వివరాలు ఆయనకు చెప్పింది కొత్తగా జ్ఞానస్నానం పొందిన అద్దకం పనివారే. తాను జపాలు నేర్పినవారి దగ్గరే తాను పాఠం చెప్పించుకొన్నారు.

అందరూ అలా ఉండేవారు కాదు. కొందరు విదేశీ గురువులు నాలుగు ముక్కలు నేర్చుకొని మిగతా భారం ఉపదేశుల మీద వేసేవారు. మన పల్లెల విశ్వాసం ఆ ఉపదేశుల నోటి చలవ అని నేను నిస్సంకోచంగా చెబుతాను. అయినా అది గురువుకు మినహాయింపు కాదు. పదిహేనవ బెనెడిక్టు జగద్గురువులు 1919 నవంబరులో రాసిన ‘మాక్సిముమ్ ఇల్లుద్’ లేఖలో, ప్రేషితుడు స్థానిక భాషను పైపైన కాక బాగా నేర్వాలని, వేదోపదేశాన్ని ఉపదేశులకు వదిలివేయరాదని స్పష్టంగా చెప్పారు. రెండవ వాటికన్ మహాసభ 1965లో అదే మాటను మళ్ళీ నొక్కి చెప్పింది.

పాతబస్తీ పొలిమేరలో, శివరాంపల్లిలో, హెన్రీ మార్టిన్ పేరిట ఒక సంస్థ ఉంది. 1930లో లాహోరులో మొదలై 1971లో హైదరాబాదు చేరింది. క్రైస్తవులు ఇస్లాంను తెలుసుకోవడానికి, ఇరువర్గాల మధ్య సఖ్యతకు పనిచేస్తూ వచ్చిన సంస్థ. ఆ మార్టిన్ మన కతోలికుడు కాదు, ఆంగ్లికన్ గురువు. అయినా ఆయన కథ మన సెమినరీలలో చెప్పదగినది. 1801లో కేంబ్రిడ్జిలో గణితంలో మొదటివాడు. 1806లో కలకత్తా చేరి, నూతన నిబంధనను ఉర్దూలోకి, ఫారసీలోకి అనువదించడానికి పూనుకొన్నారు. ఫారసీ అనువాదం తెలిసినవారికి చూపితే, అరబ్బీ మాటలు మరీ ఎక్కువయ్యాయని, మామూలు జనానికి అందదని అన్నారు. మరొకరైతే వారికి ఫారసీ రాదని సమాధానపడేవారు. మార్టిన్ ఆ కాగితాలు పట్టుకొని, క్షయతో దగ్గుతూ, 1811లో ఆ భాష మాట్లాడే షిరాజ్ నగరానికే వెళ్ళారు. అక్కడి విద్వాంసుని పక్కన కూర్చొని అనువాదం మళ్ళీ చేశారు. మరుసటి ఏడు స్వదేశానికి పోతూ దారిలో, తుర్కీ దేశపు తోకత్ పట్టణంలో మరణించారు. వయస్సు 31.

మరి ఎమిరేట్సుకు వెళ్ళేవారికి ఉర్దూ ఎందుకు, అరబ్బీ గదా కావలసింది అని మీరు అడగవచ్చు. అరబ్బీ కూడా కావాలి. కాని అబూధాబీ, దుబాయి దేవాలయాలకు వచ్చే జనం పలు దేశాల కూలీలు, నర్సులు, డ్రైవర్లు. అందులో పాకిస్తాను నుండి వచ్చిన క్రైస్తవులు ఉన్నారు. వారి కోసం ఉర్దూలో పూజ జరుగుతుంది. అక్కడ ఇతరులకు మతప్రచారం చేయడాన్ని చట్టం ఒప్పుకోదు. దేవాలయ ఆవరణలో తన మందను తాను చూసుకోవడమే గురువు పని. ఏడాదికో రెండేండ్లకో ఒకసారి ఇల్లు చూసే మనిషి పాపసంకీర్తనం చేయడానికి వస్తే, అతడు ఏడ్చే భాష గురువుకు తెలిసి ఉండాలి. మూడు నెలల శిక్షణతో, విమానం టిక్కెట్టుతో మన గురువులను పరదేశాలకు సాగనంపే అలవాటు నాకు నచ్చదు. పెద్దలు కోపగించుకొన్నా సరే, ఈ మాట రాస్తున్నాను.

ఆరవ నెలలో ఉస్తాద్ గారు బోధన పరీక్ష పెట్టారు. మీ గ్రంథంలోని కథ ఒకటి, పుస్తకం చూడకుండా, మా ఇంటివారికి అర్థమయ్యేలా చెప్పండి అన్నారు. చిన్న ఫాదర్ గారు తప్పిపోయిన కుమారుని ఉపమానం ఎంచుకొన్నారు. దూరదేశం పోయిన కొడుకు, పందుల కాపరి బతుకు, ఇంటిదారి, పరుగెత్తుకొచ్చిన తండ్రి, చేతికి ఉంగరం, క్రొవ్విన దూడతో విందు. తప్పులు లేకుండానే చెప్పారట. ఉస్తాద్ గారు తల ఊపుతున్నారు. అంతలో లోపలి గది పరదా వెనుక నుండి ఉస్తాద్ గారి భార్య అడిగింది: “ఆ పిల్లవాడి తల్లి ఏమైంది?”

చిన్న ఫాదర్ గారు నోరు తెరిచి ఊరకుండిపోయారు. మాటలు రాక కాదు, జవాబు లేక. ఆ పెద్దమ్మ కొడుకులిద్దరూ జెద్దాలో పనిచేస్తున్నారని ఆయనకు తరువాత తెలిసింది.

ఆ సాయంత్రం ఆయన నా దగ్గరకు వచ్చారు. వేదపండితులు ఆ ఉపమానంలో తండ్రిని గురించి రాసినవి చాలా చదివాను గాని, తల్లి సంగతి నాకూ తోచలేదు. “మీ అమ్మను అడగండి” అన్నాను, కొంత తప్పించుకోవడానికే.

అడిగారట. పప్పులో పోపు వేస్తూనే ఆమె చెప్పింది: “క్రొవ్విన దూడను కోసిన్రని సదువుతరు గద. మరి వండిందెవరు? తల్లి లోపల పొయ్యి కాడ ఉన్నది. రాసినాయనకు కనపడలే.”

మరునాడు చిన్న ఫాదర్ గారు ఆ మాటను ఉర్దూలో రాసుకొని, చుక్కలు రెండుసార్లు సరిచూసుకొని ఛత్తాబజార్ వెళ్ళి చదివి వినిపించారు. పరదా వెనుక కాసేపు ఏమీ వినిపించలేదట. తరువాత ఆ పెద్దమ్మ, “మీ అమ్మగారిని ఒకసారి మా ఇంటికి తీసుకొని రండి” అంది.

వచ్చే శుక్రవారం ఆ తల్లి పాతబస్తీ పోతోంది. తనకు ఉర్దూ సరిగా రాదని, ఏం మాట్లాడాలో రెండు ముక్కలు నేర్పమని కొడుకునే అడుగుతోందట.