పాత సామాన్ల అంగట్లో వజ్రాల వేట: కర్నూలు, కడపల్లో రెట్రో గేమ్స్ చవగ్గా పట్టడం ఎలా?

తొలకరి వాన పడగానే కర్నూలు జిల్లాలో తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి చుట్టుపక్కల పొలాల్లో జనం తల వంచుకుని నడుస్తుంటారు. వజ్రాల కోసం. రాళ్లు అందరి కాళ్ల కిందా ఉంటాయి. ఏ రాయి దగ్గర వంగాలో తెలిసినవాడికే పని అవుతుంది. రెట్రో వీడియో గేమ్స్ కలెక్షన్ కూడా ఇంతే. "వాడికి లక్కు బ్రో, రెండొందలకే దొరికింది" అని మనం అనుకునే చాలా డీల్స్ వెనక గుర్తుపట్టే కన్ను ఒకటి ఉంటుంది. ఆ కన్ను ఎలా వస్తుందో ఈ పాఠంలో చూద్దాం.

ఎనిమిది డాలర్ల గేమ్ కథ

2013లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఒక మహిళ సెకండ్ హ్యాండ్ స్టోర్‌లో ‘స్టేడియం ఈవెంట్స్’ అనే నింటెండో గేమ్‌ను 7.99 డాలర్లకు కొన్నారు. తర్వాత అది దాదాపు 25 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. కారణం ఏంటంటే, బండాయ్ 1987లో అమెరికాలో తెచ్చిన ఈ గేమ్ హక్కుల్ని నింటెండో తీసుకుని, 1988లో ‘వరల్డ్ క్లాస్ ట్రాక్ మీట్’ అని పేరు మార్చి అమ్మింది. దాంతో పాత పేరున్న కాపీలు బాగా అరుదైపోయాయి. గేమ్ అదే, లేబుల్ వేరు. అరుదైన గేమ్స్ గురించి ముందే చదివి ఉండటం వల్లే ఆమె ఆ లేబుల్ దగ్గర ఆగారు.

అలాగని కడపలో ‘స్టేడియం ఈవెంట్స్’ కోసం వెతికితే కాళ్లనొప్పులు తప్ప ఏమీ మిగలదు. అమెరికా కాట్రిడ్జ్‌లు ఇక్కడ అమ్మలేదు కదా. మన నేలలో ఏం పడిందో, అదే మనకు దొరుకుతుంది.

మన దగ్గర ఏవి దొరుకుతాయి?

గల్ఫ్ సూట్‌కేసులో వచ్చినవి: కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లు ఎక్కువ. సెలవులకు వచ్చేటప్పుడు సెంటు సీసాలు, దుప్పట్లతో పాటు పిల్లలకు గేమ్ కన్సోల్స్ కూడా తెచ్చేవాళ్లు. కువైట్‌లో 240 వోల్టుల కరెంటు, పాల్ టీవీ సిస్టమ్. మనవీ దాదాపు అవే. కాబట్టి అక్కడ కొన్నవి చాలావరకు ఇక్కడ నేరుగా పనిచేసేవి. ఆ పిల్లలు పెద్దయ్యారు, కన్సోల్ అటక మీదకు చేరింది.

దేశంలో అధికారికంగా అమ్మినవి: నింటెండో ఎన్‌ఈఎస్ మన దగ్గర ‘సమురాయ్’ పేరుతో అమ్మకానికి వచ్చింది. సెగా మెగా డ్రైవ్ 1995లో షా వాలెస్ కంపెనీ ద్వారా వచ్చింది, ధర 18,000 రూపాయలు. ఆ రోజుల్లో అంత పెట్టి కొన్న ఇళ్లు తక్కువ. అందుకే ఇవి కనిపిస్తే మాత్రం వదలొద్దు.

క్లోన్ కన్సోల్స్: మనలో చాలామంది ‘వీడియో గేమ్’ అంటే గుర్తు తెచ్చుకునేది వీటినే. జపాన్‌లో 1983లో వచ్చిన ఫ్యామికామ్‌కు నకళ్లు ఇవి. పసుపు రంగు కాట్రిడ్జ్, దాని మీద ‘9999999 ఇన్ 1’. జ్ఞాపకంగా బంగారం, మార్కెట్‌లో మాత్రం పెద్ద విలువ లేదు. అయినా పాత కాట్రిడ్జ్‌ల కుప్పలో ఒక్కోసారి అసలు ఫ్యామికామ్‌వి కలిసి ఉంటాయి, ఎందుకంటే రెండింటికీ 60 పిన్నులే. ఎన్‌ఈఎస్ కాట్రిడ్జ్ పెద్దది, దానికి 72 పిన్నులు.

హైదరాబాద్‌లో తయారైన పీఎస్2 డిస్క్‌లు: తెలుగు కలెక్టర్‌కు అసలైన వజ్రాలు ఇవే అని మా అభిప్రాయం. 2009లో వచ్చిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ చేసింది హైదరాబాద్‌కు చెందిన ఆరోనా టెక్నాలజీస్. అదే ఏడాది వచ్చిన ‘దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా’, 2013లో వచ్చిన ‘డాన్ 2: ది గేమ్’ రెండూ హైదరాబాద్ కంపెనీ గేమ్‌శాస్త్రవి. గేమ్స్‌గా ఇవి గొప్పవా అంటే, కాదు. కానీ మన ఊళ్ల పక్కనే తయారై, ప్లేస్టేషన్ 2 చివరి రోజుల్లో వచ్చిన డిస్క్‌లు ఇవి. ఇక కొత్తగా ప్రింట్ కావు. విదేశీ కలెక్టర్‌కు వీటిని వెతకడం కష్టం. మనకు పక్క వీధిలో, పెళ్లి సీడీల డబ్బాలో ఉండొచ్చు.

ఫోన్ రూపంలో ఉన్నవి: 2003 నాటి నోకియా ఎన్-గేజ్, 2004 నాటి ఎన్-గేజ్ క్యూడీ, 2011లో స్లైడ్ గేమ్‌ప్యాడ్‌తో వచ్చిన సోనీ ఎరిక్సన్ ఎక్స్‌పీరియా ప్లే. పాత మొబైల్ రిపేరు అంగళ్లలో ‘డెడ్ సెట్ల’ డబ్బా అడిగి చూడండి. ఎన్-గేజ్‌లో గేమ్ కార్డు మార్చాలంటే బ్యాటరీ తీయాలి. అందుకే అమ్మేవాళ్లకు తెలియకుండానే కార్డు లోపల ఉండిపోయి ఉండొచ్చు. బ్యాటరీ తీసి చూడటం మర్చిపోవద్దు.

ఎక్కడ వెతకాలి?

ఆన్‌లైన్‌లో పెట్టేవాళ్లలో చాలామంది ధర చూసుకునే పెడతారు. బేరం దొరికేది ధర తెలియని చోట. పాత ఇనప సామాన్ల అంగళ్లు, టీవీ రిపేరు అంగళ్లు, మూతపడిన గేమ్ పార్లర్లు, ఇల్లు ఖాళీ చేస్తున్న బంధువులు. ఒక్కసారి వెళ్లి "వీడియో గేమ్స్ ఉన్నాయా?" అంటే "లేవు" అంటారు. ఫోన్‌లో ఫోటో చూపించి, "అన్నా, ఇట్లాంటిది ఎప్పుడన్నా వస్తే పగలగొట్టొద్దు, నాకు చెప్పు" అని నంబర్ ఇచ్చి రండి. ఈ మాట ముఖ్యం. ఇనప సామాన్ల లెక్కలో కన్సోల్ అంటే ప్లాస్టిక్, రాగి మాత్రమే. మీరు చెప్పకపోతే అది సుత్తి దెబ్బకు పోతుంది.

డబ్బులిచ్చే ముందు పది నిమిషాల చెకింగ్

1. వరద నీళ్లు తాగిందా? 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు పాతబస్తీ మునిగింది. 2021 నవంబరులో చెయ్యేరు వరద రాజంపేట వైపు ఊళ్లను ముంచింది. అంతకు ముందు నుంచీ అక్కడున్న వస్తువైతే స్క్రూల గుంతల్లో, గాలి రంధ్రాల్లో ఎండిన బురద ఉందేమో టార్చ్ వేసి చూడండి. స్క్రూలు తుప్పు పట్టి ఉంటే లోపలి బోర్డు మీద ఆశ తగ్గించుకోండి.

2. కరెంటు: అడుగున ఉన్న స్టిక్కర్ చదవండి. 100 లేదా 120 వోల్టులు అని ఉంటే నేరుగా మన ప్లగ్గులో పెట్టొద్దు, కాలిపోతుంది. అడాప్టర్ వేరేదైతే వోల్టులతో పాటు ప్లస్, మైనస్ గుర్తు కూడా కలవాలి. పాత ఫ్యామికామ్‌లో మధ్య పిన్ను మైనస్.

3. పీఎస్2 లెన్స్: అసలు పీఎస్2 డిస్క్‌లలో డీవీడీ అడుగు వెండి రంగు, సీడీ అడుగు నీలం. రెండూ వేసి చూడండి. ఒకటి చదివి ఇంకొకటి చదవకపోతే లెన్స్ అయిపోతున్నట్టే. మన ఎండకు తేమ తక్కువ కాబట్టి తుప్పు, బూజు బాధ కోస్తా కంటే తక్కువ. కానీ దుమ్ము లెన్స్‌ను తినేస్తుంది.

4. నకిలీ కాట్రిడ్జ్: గేమ్‌బాయ్ అడ్వాన్స్ కాట్రిడ్జ్ కింద పిన్నుల పైన బోర్డు మీద నింటెండో అని చిన్న అక్షరాలు ఉండాలి. అసలు లేబుల్ మీద నొక్కినట్టు చిన్న అంకెలు కూడా కనిపిస్తాయి. వెలుగులో పక్కకు తిప్పి చూడండి.

ధర ఎంత చెప్పాలి?

వెబ్‌సైట్లలో అడుగుతున్న ధర కాదు, నిజంగా అమ్ముడైన ధర చూడండి. ఈబేలో ‘సోల్డ్ ఐటమ్స్’ ఫిల్టర్, ప్రైస్‌చార్టింగ్ సైట్ ఇందుకు పనికొస్తాయి. అయితే ఆ డాలర్లను రూపాయల్లోకి గుణించి మురిసిపోవద్దు. అది ఒరిజినల్ డబ్బా, మాన్యువల్ ఉన్న కాపీ ధర కావచ్చు. షిప్పింగ్, కస్టమ్స్, నమ్మకం లేని కొత్త అమ్మకందారు అన్న చూపు, ఇవన్నీ మీ లాభంలోంచే పోతాయి. ఇక్కడ కొనేవాడు దొరికితేనే ఇక్కడి ధర.

అవతలివాళ్లకు చెప్పాలా, వద్దా?

ఈ హాబీలో అసలు చిక్కు ఇదే. పొలంలో దొరికిన వజ్రాన్ని విలువ తెలియక చేతికొచ్చిన కాడికి అమ్ముకున్న కూలీ గురించి విన్నప్పుడు మనకు వ్యాపారి మీదే కోపం వస్తుంది. అటక మీది కన్సోల్ విషయంలో ఆ వ్యాపారి స్థానంలో ఉండేది మనం.

మేం పాటించమని చెప్పేది ఇది. అమ్మేది అంగడివాడైతే, ఆయన అడిగిన ధర ఇవ్వడంలో తప్పు లేదు. కొనడం, అమ్మడం ఆయన పని. కానీ ఇంట్లోవాళ్లు అమ్ముతుంటే, ముఖ్యంగా కొడుకు కువైట్‌లో ఉండి తల్లి సామాను తీసేస్తుంటే, "అమ్మా, దీనికి బయట మంచి రేటు ఉంది, ఒకసారి మీవాణ్ని అడగండి" అని చెప్పండి. మెమరీ కార్డులో వాడి ఆటలు సేవ్ అయి ఉండొచ్చు. అవి అడిగితే తిరిగి ఇవ్వండి. "ఇది చెత్త, దేనికీ పనికిరాదు" అని అబద్ధం చెప్పి మాత్రం కొనొద్దు. చిన్న ఊళ్లలో మాట త్వరగా పాకుతుంది. నిజం చెప్పినవాడికే రెండోసారి ఫోన్ వస్తుంది.

ఇంటికొచ్చాక

కాట్రిడ్జ్ పిన్నుల్ని నోటితో ఊదొద్దు, తడి వల్ల తుప్పు వస్తుంది. ఇయర్‌బడ్‌కు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి ఆరనివ్వండి. పాత పోకెమాన్ కాట్రిడ్జ్‌లలో సేవ్‌ను బతికించేది లోపలి బటన్ బ్యాటరీయే. దాన్ని తీస్తే ఆ సేవ్ పోతుంది కాబట్టి తొందరపడొద్దు. రేకుల కప్పు కింద, కారు డిక్కీలో ఎండాకాలం దేన్నీ పెట్టొద్దు. చివరగా, ఏ ఊళ్లో, ఎంతకు, ఎవరి దగ్గర కొన్నారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. పది వస్తువులు రాసేసరికి మీ ఊళ్లో ఏవి ఎక్కడ దొరుకుతాయో మీకే అర్థమవుతుంది.