ఆర్గనాయిడ్ అంటే ఏమిటి? క్యాన్సర్ మందుతో దానికి పనేమిటి?

మా హాస్టల్లో వంట చేసే అక్క భర్తకు పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. మొదట ఎక్కించిన కీమో మందు పనిచేయలేదని మూడు నెలలకు స్కానింగ్‌లో తేలింది. మందు మార్చారు. అప్పటికే మనిషి నీరసించిపోయాడు, ఇంట్లో అప్పు మిగిలింది. "ఈ మందు పనిచేయదని ముందే చెప్పలేరా బాబూ?" అని అక్క బైపీసీ చదివే మమ్మల్ని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ మేము తెలుసుకున్న సంగతులు ఇవి.

మూలకణాలను మెత్తని జెల్‌లో ఉంచి, పెరుగుదలకు కావలసిన ప్రోటీన్లు అందిస్తే, అవి అవయవాన్ని పోలిన చిన్న ముద్దగా వాటంతట అవే అమరుతాయి. దీన్నే ఆర్గనాయిడ్ అంటారు. 2009లో నెదర్లాండ్స్‌లోని హుబ్రెక్ట్ సంస్థలో హాన్స్ క్లెవర్స్, తోషిరో సాటో బృందం చిట్టెలుక పేగులోని ఒక్క మూలకణం నుంచి చిట్టి పేగును పెంచింది.

అంతకుముందు పరిశోధకులు ఎక్కువగా కణశ్రేణుల మీద ఆధారపడేవారు. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే అమెరికా మహిళ గడ్డ నుంచి తీసిన హీలా కణాలు అలాంటివే. ఇవి సాధారణంగా పళ్ళెం అడుగున పలచని పొరగా పెరుగుతాయి. శరీరంలో గడ్డ అలా ఉండదు. ఎలుకల్లో గడ్డను పెంచవచ్చు గానీ, దానికి నెలలు పడుతుంది, ఖర్చూ ఎక్కువే.

రోగి గడ్డ నుంచి తీసిన చిన్న ముక్కతో ఆర్గనాయిడ్ పెంచితే, ఆ గడ్డలోని జన్యు మార్పులు చాలావరకు అందులోనూ ఉంటాయి. 2015లో క్లెవర్స్ బృందం 20 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల గడ్డల నుంచి ఆర్గనాయిడ్లు పెంచి భద్రపరిచి, వాటిపై 83 రసాయనాలను పరీక్షించింది.

2018లో లండన్ పరిశోధకులు వ్యాపించిన జీర్ణకోశ క్యాన్సర్లపై ఫలితాలు ప్రకటించారు. ఆర్గనాయిడ్‌పై పనిచేయని మందు రోగిలోనూ పనిచేయలేదు. ఆర్గనాయిడ్‌పై పనిచేసిన మందు రోగిలోనూ పనిచేసిన సందర్భాలు 88 శాతం. అయితే పోల్చి చూసిన రోగుల సంఖ్య తక్కువన్న సంగతి మరువరాదు.

లోపాలూ ఉన్నాయి. మామూలు ఆర్గనాయిడ్‌లో రక్తనాళాలు, రోగనిరోధక కణాలు ఉండవు. అందువల్ల రోగనిరోధక శక్తిని మేల్కొలిపే మందులను దానిపై పరీక్షించడం కష్టం. తీసిన ప్రతి ముక్కా పెరగదు. పెరిగేసరికి వారాలు గడుస్తాయి, రోగికి అంత వ్యవధి ఉండకపోవచ్చు.

కాబట్టి అక్కకు మేము చెప్పగలిగిన జవాబు ఒక్కటే: ప్రతి రోగికీ ముందే చెప్పే రోజు ఇంకా రాలేదు, దారి మాత్రం దొరికింది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! కణం పాఠాన్ని మార్కుల కోసమే చదివి వదిలేయకండి. ఆ దారిలో చేయవలసిన పని ఇంకా చాలా ఉంది. మన హాస్టల్ నుంచి కూడా ఒకరు అందులో చేయి వేయాలని మా కోరిక.