గాడిదల వంతెన

రెండు భుజములు సమానముగా గల త్రిభుజమున, ఆ భుజములకు ఎదురుగా నున్న కోణములును సమానములు. చదువుటకు ఈ మాట ఎంతో తేలిక. అట్టి త్రిభుజమును కాగితముపై గీచి చూచినవారు దీనిని కాదనరు. అయినను ఐరోపా ఖండమున ఈ ఒక్క సిద్ధాంతము అనేక శతాబ్దములపాటు బాలురను భయపెట్టినది. దీనికి అచ్చటివారు పెట్టిన పేరు 'గాడిదల వంతెన'. మందబుద్ధులు ఈవలి గట్టుననే నిలిచిపోవుదురు, బుద్ధిమంతులు దాటిపోవుదురు అని ఆ పరిహాసమునకు అర్థము. సిద్ధాంతమునకు గీచిన పటము చూపునకు వంతెనవలె నుండుటయు ఆ పేరునకు కారణమని చెప్పుదురు.

పరిహాసము బాలురపైననే పడినది. వంతెన నెక్కుటకు మెట్లున్నవా, దానిని చేరు దారి సరిగా వేయబడినదా అని విచారించినవారు చాలకాలము అరుదుగానే యుండిరి. ఆ విచారమే రేఖాగణితమును బోధించు పద్ధతికి చరిత్ర.

క్రీస్తుపూర్వము 300 ప్రాంతమున ఈజిప్టుదేశపు అలెగ్జాండ్రియా నగరమున యూక్లిడ్ అను గ్రీకు పండితుడు ఎలిమెంట్స్ అను గ్రంథమును 13 భాగములుగా రచించెను. తరువాతి కాలమున ఇది అరబ్బీ భాషలోనికి పోయినది. జయపురమును పాలించిన సవాయి జయసింహుని ఆస్థానమునందలి జగన్నాథ సమ్రాట్టు 18వ శతాబ్దపు మొదటి భాగమున దానిని అరబ్బీనుండి సంస్కృతమున వ్రాసెను. ఆ సంస్కృత గ్రంథము పేరు 'రేఖాగణితము'. మన పాఠశాలలలో నేటికిని వినవచ్చు మాట అదియే.

యూక్లిడ్ గ్రంథమున మొదటి భాగమందు 48 ప్రతిపాదనలు కలవు. ప్రతి ప్రతిపాదనయు తనకు ముందు చెప్పబడినవానిపైననే ఆధారపడవలెను. తరువాత రాబోవు దానిని ముందుగా వాడుట అచ్చట నిషిద్ధము. క్రింది వరుస లేక గోడలో పై వరుస నిలువదు గదా! గాడిదల వంతెన ఇందులో అయిదవ ప్రతిపాదన. అనగా దానిని చేరునప్పటికి చదువరి చేతిలోనున్న పనిముట్లు మిక్కిలి కొలదిగా నుండును. రెండు త్రిభుజములయందు రెండేసి భుజములును, వాని నడిమి కోణమును సమానమైనచో ఆ త్రిభుజములు సర్వసమానములని నాలుగవ ప్రతిపాదన చెప్పును. అదియే అతని ముఖ్యాయుధము.

శీర్షకోణమును రెండు సమభాగములు చేయు గీతను గీచినచో పని సులభముగా తీరును గదా అని నేటి విద్యార్థి అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. కాని కోణమును సమద్విఖండనము చేయుట యూక్లిడ్ గ్రంథమున తొమ్మిదవ ప్రతిపాదన. తొమ్మిదవది ఎనిమిదవదానిపైనను, ఎనిమిదవది ఏడవదానిపైనను, ఏడవది ఈ అయిదవదానిపైనను ఆధారపడియున్నవి. కావున ఆ గీతను ఇచ్చట వాడుట తన భుజముపై తానెక్క బోవుట వంటిది.

అందువలన యూక్లిడ్ చుట్టుదారి పట్టెను. త్రిభుజమునకు శీర్షము క, భూమి చట అనుకొనుడు. కచ, కట భుజములు సమానములు. ఆ రెండు భుజములను భూమికి క్రిందుగా పొడిగించి, కత, కప సమానమగునట్లు త, ప బిందువులను గుర్తింపవలెను. పిమ్మట త బిందువును ట తోను, ప బిందువును చ తోను కలుపవలెను. ఇప్పుడు కతట, కపచ అను రెండు పెద్ద త్రిభుజములు నాలుగవ ప్రతిపాదన వలన సర్వసమానములగును. వానినుండి భూమికి క్రిందనున్న చతట, టపచ అను చిన్న త్రిభుజములు సర్వసమానములని తేలును. పెద్ద త్రిభుజముల కోణములలోనుండి చిన్న త్రిభుజముల కోణములను తీసివేయగా భూమి వద్ద మిగిలినవి మనకు కావలసిన రెండు కోణములు. తర్కమున ఎచ్చటను లోపము లేదు. కాని ఒకదానిపై నొకటి పడియున్న నాలుగు త్రిభుజములను మొదటి వారములోనే కంటికి విడదీసి చూపుకొనవలసిన బాలుని అవస్థ ఎట్టిదో ఊహింపవచ్చును.

క్రీస్తుశకము 4వ శతాబ్దమున అలెగ్జాండ్రియాలోనే పాపస్ అను గణితజ్ఞుడు ఇంతకంటె చక్కని దారి చూపెను. అదనపు గీత ఒక్కటియు అక్కరలేదు. కచట త్రిభుజమును అదే త్రిభుజముతో, కాని తిరుగవేసి కటచ అని చదివి, పోల్చవలెను. కచ భుజమునకు కట సమానము, కట భుజమునకు కచ సమానము, నడిమి కోణము రెంటికిని ఒక్కటియే. కావున నాలుగవ ప్రతిపాదన వలన చ కోణము ట కోణమునకు సమానము. అట్టముక్కనుండి అట్టి త్రిభుజమును కత్తిరించి, దానిని బోర్లించి, అది విడిచిన రంధ్రములోనే మరల అమర్చి చూచినచో పాపస్ చెప్పినదేమో చేతికి తెలియును. ఇంత సులభమైన ఉపపత్తి ఉండియు, పాఠశాలలలో చిరకాలము చుట్టుదారియే రాజమార్గమై నిలిచినది. గ్రంథమునందలి గౌరవము ఒక్కొక్కప్పుడు బాలునియందలి దయను మించిపోవును.

ఫ్రాన్సుదేశమున క్లేరో అను గణితజ్ఞుడు 1741లో ప్రకటించిన రేఖాగణిత గ్రంథమును భూమి కొలతలతో ఆరంభించెను. కాని ఇంగ్లండు పాఠశాలలలో 19వ శతాబ్దము తుదివరకు యూక్లిడే పాఠ్యగ్రంథము. ప్రతిపాదనలను వాని అక్షరములతోసహా కంఠస్థము చేసి పరీక్షలో అప్పగించుట పరిపాటి. అక్షరములు మార్చి అడిగినచో బాలుడు దిక్కు తోచక నిలుచునను ఫిర్యాదు తరచుగా వినవచ్చెడిది. రేఖాగణిత బోధనను బాగుచేయుటకై 1871లో అచ్చటి ఉపాధ్యాయులు ఒక సంఘమును స్థాపించిరి. 1901లో గ్లాస్గో నగరమున జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో జాన్ పెర్రీ అను ఇంజనీరింగు ఆచార్యుడు గట్టిగా వాదించెను: బాలుడు మొదట కొలువవలెను, గళ్ళ కాగితముపై గీయవలెను, వస్తువులను చేతపట్టి చూడవలెను, తర్కము తరువాత రావలెను. 1903లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము తన పరీక్షలో యూక్లిడ్ క్రమమునే పాటింపవలెనను నిర్బంధమును తొలగించెను.

పెర్రీ వాదములో సత్యమెంతయో కలదు. కాని దానిని పూర్తిగా నమ్ముకొన్నచో మరియొక ప్రమాదము కలదు. నలువదిమంది విద్యార్థులు నలువది త్రిభుజములను గీచి కోణమానినితో కొలిచినచో, ఒకరికి 50, 51 అనియు, మరియొకరికి 49, 50 అనియు వచ్చును. 'సమానముగానే ఉన్నవి' అని ఉపాధ్యాయుడు సర్దిచెప్పవలెను. కొలత ఒక విషయము అట్లున్నదని చూపునేగాని అట్లేల ఉండితీరవలెనో చెప్పజాలదు.

ఈ చిక్కు అమెరికా సంయుక్త రాష్ట్రములలో మరింత స్పష్టముగా కనిపించినది. 1844లో హార్వర్డు విశ్వవిద్యాలయము తన ప్రవేశ పరీక్షలలో రేఖాగణితమును చేర్చుటతో ఆ శాస్త్రము అచ్చటి ఉన్నత పాఠశాలలలోనికి దిగివచ్చినది. ఉన్నత పాఠశాలల చదువును క్రమపరచుటకు ఏర్పడిన పదిమంది సభ్యుల సంఘము 1893లో తన నిర్ణయములను తెలిపెను. ఆకారములను కొలుచుట, గీయుట మొదలగు పనులతో కూడిన రేఖాగణితము పది సంవత్సరముల వయస్సు ప్రాంతమున మొదలు కావలెనని అందులో గణితశాఖవారు సూచించిరి. ఉపపత్తులతో కూడినది పిమ్మట రావలెను. ఇది వివేకముగల సూచన. అయినను పాఠశాలలలో ఎక్కువగా నిలిచినది రెండవ భాగము మాత్రమే.

మెట్లు లేని వంతెన ఏల దాటరానిదో తెలిపిన కీర్తి హాలెండు దేశమునందలి ఇద్దరు ఉపాధ్యాయులకు దక్కవలెను. పియరీ వాన్ హీలే, ఆయన భార్య డీనా వాన్ హీలే గెల్డాఫ్ 1957లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు తమ పరిశోధన గ్రంథములను సమర్పించిరి. డీనా తన తరగతియందలి పండ్రెండేండ్ల పిల్లలచేత నేలపై పరచు పలకల అమరికలను చేయించుచు, వారి ఆలోచన ఎట్లు పెరుగునో శ్రద్ధతో గమనించినది. ఆమె ఆ పిమ్మట కొలదికాలమునకే మరణించినది. వారి సిద్ధాంతమును విస్తరించు పని పియరీపై పడినది.

రేఖాగణితమున ఆలోచనకు అంతస్తులు కలవని వారి మతము. మొదటి అంతస్తున నున్న బాలునకు చతురస్రము ఒక రూపము మాత్రమే. కిటికీవలె నున్నది గనుక చతురస్రము. దానినే ఒక మూలపై నిలిపినచో ఇది చతురస్రము కాదనును. రెండవ అంతస్తున అతడు దాని గుణములను చెప్పగలడు: నాలుగు భుజములు సమానములు, నాలుగు లంబకోణములు. మూడవ అంతస్తున ఆ గుణములకు గల పరస్పర సంబంధము తెలియును. ప్రతి చతురస్రమును దీర్ఘచతురస్రమేనని అప్పుడుగాని ఒప్పుకొనడు. నాలుగవదానియందు ఉపపత్తిని తానే నిర్మింపగలడు. అయిదవది వేరువేరు స్వీకృతములపై వేరువేరు రేఖాగణితములను కట్టి పోల్చగల పండితులది. ఒక అంతస్తును విడిచి పైదానికి ఎగురుట సాధ్యము కాదు. నాలుగవ అంతస్తున నిలిచి ఉపాధ్యాయుడు చెప్పుమాట మొదటి అంతస్తున నున్న బాలునికి మరియొక భాషవలె వినబడును. అతడు చేయగలిగినది దానిని బట్టీపట్టుట ఒక్కటే.

ఇది ఊహ మాత్రమే కాదని అమెరికాలో జరిగిన పరీక్షలు చూపినవి. చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన జల్మన్ ఉసిస్కిన్ 1982లో ప్రకటించిన నివేదికకు 13 పాఠశాలలనుండి సుమారు 2,700 మంది విద్యార్థులు పరీక్షింపబడిరి. రేఖాగణితపు తరగతిలో అడుగుపెట్టునప్పటికి వారిలో పెక్కుమంది క్రింది అంతస్తులలోనే యుండిరి. ఆ పరిశోధనకు సంబంధించియే షారన్ సెంక్ 1985లో ప్రకటించిన ఫలితము మరింత ఆలోచింపదగినది. ఉపపత్తులు నేర్పు తరగతిలో ఒక పూర్ణ సంవత్సరము చదివిన పిమ్మట, వానిని వ్రాయుటలో తగినంత నేర్పు సంపాదించినవారు నూటికి సుమారు ముప్పదిమంది. తక్కినవారు గాడిదలని అనుటకు ఇప్పుడు ఎవరికిని నోరు రాలేదు.

అమెరికా గణితోపాధ్యాయుల జాతీయ మండలి 1989లో గణితమునకు ప్రమాణములను ప్రకటించెను. 2000 సంవత్సరమున వానిని సవరించెను. 2010లో 'కామన్ కోర్' అను ప్రమాణములు వెలువడగా చాల రాష్ట్రములు వానిని స్వీకరించినవి. కొన్ని పిమ్మట విడిచిపెట్టినవి. ప్రమాణమనగా, చదువు ముగియునప్పటికి విద్యార్థి ఏమి తెలిసికొని ఏమి చేయగలిగి యుండవలెనో చెప్పు వాక్యము. ఏ దినమున ఏ పాఠము చెప్పవలెనో అది చెప్పదు. ఆ భారము ఉపాధ్యాయునిదే. గాడిదల వంతెనకు ఈ ప్రమాణములలో ఒక్క పంక్తి కలదు: సమద్విబాహు త్రిభుజమున భూమివద్ది కోణములు సమానములని విద్యార్థి నిరూపింపవలెను. అచ్చటి పాఠశాల సంవత్సరము సుమారు 180 దినములు. సర్వసమానత, సరూపత, వృత్తములు, ఘనపరిమాణములు మొదలగునవన్నియు అందులోనే ఇమడవలెను.

అందువలన నేర్పరియగు ఉపాధ్యాయుడు తుదినుండి వెనుకకు నడచును. నిరూపణ చేయుటకు విద్యార్థికి ఏమి తెలిసియుండవలెను? రెండు పటములు సర్వసమానములనగా నేమో తెలియవలెను. కామన్ కోర్ ప్రమాణములు దీనికి ఇచ్చిన సమాధానము యూక్లిడ్ సమాధానము వంటిది కాదు. ఒక పటమును జరిపి, త్రిప్పి, లేక బోర్లించి మరియొకదానిపై సరిగా కూర్చుండబెట్టగలిగినచో అవి సర్వసమానములు. ఈ మూడు పనులకు స్థానాంతరణము, భ్రమణము, పరావర్తనము అని పేర్లు. అట్లయిన విద్యార్థి ఈ మూడింటిని మొదట చేతితో చేసియుండవలెను. ఆ పని ఎనిమిదవ తరగతిలోనే జరుగవలెనని ప్రమాణములు చెప్పుచున్నవి. పటమును పలుచని కాగితముపై ఎత్తి, జరిపి, త్రిప్పి, బోర్లించి, పొడవులును కోణములును మారలేదని పిల్లలు స్వయముగా గమనింతురు. ఉపపత్తికి పునాది ఇచ్చట పడుచున్నది. అప్పటికి ఆ మాట వారు వినియుండకపోయినను బాధలేదు.

పై తరగతికి వచ్చిన పిమ్మట ఆ విద్యార్థియే సమద్విబాహు త్రిభుజమును కాగితముతో చేసి, శీర్షమువద్ద ఒక భుజము మరియొకదానిపై పడునట్లు మడుచును. భుజముల పొడవులు సమానము గనుక వాని చివరలు కలిసికొనును. భూమిలో ఒక సగము రెండవ సగముపై పడును. కావున కోణము కోణముపై పడును. ఇప్పుడు ఉపాధ్యాయుడు చేయించవలసిన పని ఒక్కటి మిగిలియున్నది. 'పడినది' అని చూచిన ప్రతిచోట 'ఏల పడవలెను?' అని అడిగించి, ఆ సమాధానములను వరుసగా వ్రాయించుట. ఆ వరుసయే ఉపపత్తి. నిజముగా నేర్చుకొనెనా లేదా అని తెలిసికొనుటకు అదే పటమును మరల అడిగిన ప్రయోజనము లేదు. గాలిపటమువంటి చతుర్భుజమును గీచియిచ్చి, అందులో ఏ కోణములు సమానములో, ఏలనో వ్రాయుమనవలెను.

ఈ పద్ధతి అందరికిని నచ్చలేదు. కాగితము మడుచుటలోనే కాలమంతయు గడచి తర్కము పలుచబడునని కొందరి అనుమానము. బోధించువాడు మడతతో ఆగిపోయినచో ఆ అనుమానము నిజమే. ఆగకుండుటకు మంచి ఉపాయము యూక్లిడ్ ఆరవ ప్రతిపాదనలోనే కలదు. అది ఇప్పటిదానికి విపర్యయము: భూమివద్ది కోణములు సమానమని మాత్రమే తెలిసినచో భుజములు సమానమని చెప్పవచ్చునా? విద్యార్థి వెంటనే వెనుకటివలె శీర్షమువద్ద మడుచును. భుజముపై భుజము పడును; కాని పొడవులు సమానమని ఇంకను తెలియదు గనుక, వాని చివరలు కలిసికొనునని చెప్పుటకు ఆధారము లేదు. ఆ మడత పనికిరాలేదు. కాగితమును ఈసారి ఎచ్చట మడువవలెనో, ఏ బిందువు ఏ బిందువుపై పడునట్లు ఆరంభింపవలెనో తరగతి కనుగొనవలసియుండును.