ఊపిరికి ఊతం

పాఠ్యభాగ ఉద్దేశం: దీర్ఘకాలం వెంటాడే ఉబ్బసాన్ని ప్రాచీన వైద్యులు ఎట్లా అవగాహన చేసుకొన్నారో, ఔషధానికీ శ్వాసాభ్యాసానికీ గల ప్రయోజనం ఎంతో, హద్దు ఏదో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

మృగశిర కార్తె ప్రవేశించిందంటే తెలుగునాట రైతుకు సంతోషం, ఉబ్బస రోగికి భయం. రోహిణి ఎండలు చల్లారి, మబ్బులు కమ్మి, చల్లగాలి వీచగానే అతని ఛాతీ బిగుసుకొంటుంది. ఊపిరి తీస్తే పిల్లికూతలు వినవస్తాయి. ఏటా జూన్ మాసంలో ఈ కార్తె వేళ చేపమందు కోసం హైదరాబాదు నాంపల్లిలోని ఎగ్జిబిషన్ మైదానానికి వేలాది జనం తరలిరావడం అందరెరిగినదే. ఆ మందు ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. అయినా అక్కడ బారులు తీరిన వారిని చూస్తే, ఊపిరాడని బాధ ఎంతటిదో, దాని నుండి ఒక్కమారుగా విముక్తి పొందాలనే ఆశ ఎంత బలమైనదో తెలుస్తుంది. ఆ ఆశకు ప్రాచీన వైద్యులు ఏమి సమాధానం చెప్పారో పరిశీలించడం అవసరం.

చరకసంహిత చికిత్సాస్థానంలోని 17వ అధ్యాయం ఎక్కిళ్లను, శ్వాసరోగాలను వివరిస్తుంది. మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస అని శ్వాసరోగాలు ఐదు. వీటిలో తమకశ్వాస లక్షణాలు నేటి ఉబ్బసానికి మిక్కిలి దగ్గరగా ఉన్నాయి. కఫం అడ్డగించగా వాయువు దారితప్పడం దీనికి మూలమని ఆయుర్వేద సిద్ధాంతం. రోగి పడుకొంటే బాధ హెచ్చుతుంది, కూర్చుంటే కొంత ఉపశమిస్తుంది. మాట పెగలదు, నిద్ర పట్టదు. కఫం వెలువడితే కాసేపు సుఖంగా ఉంటుంది. మబ్బు, వాన, చలి, తూర్పుగాలి వ్యాధిని పెంచుతాయి. దుమ్ము, పొగ దానికి కారణాలవుతాయి. రోగి ప్రక్కన కూర్చుండి గమనించిన వాడే ఇంత సూక్ష్మంగా వ్రాయగలడు.

అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. తమకశ్వాస కొత్తగా పుట్టినదైతే సాధ్యమనీ, లేకుంటే యాప్యమనీ చరకసంహిత నిర్ణయించింది. యాప్యమంటే పూర్తిగా తొలగనిది, చికిత్స సాగినంత కాలం అదుపులో ఉండేది. కూలబోయే ఇంటిని చక్కగా నిలిపిన ఊతకోల కాపాడినట్లు, తగిన చికిత్స యాప్యరోగిని నిలబెడుతుందని సుశ్రుతుడు పోల్చి చెప్పాడు. ఇల్లు నిలిచి ఉన్నది కదా అని ఊతకోలను తొలగించరాదు. ఆధునిక వైద్యం చెప్పేదీ ఇదే. ఆయాసం లేని రోజుల్లో కూడ శ్వాసనాళాలలో వాపు కొనసాగవచ్చు.

శ్వాసరోగాలకు మన వైద్యులు వాడిన మూలికలు సామాన్యమైనవి కావు. అడ్డసరం, పిప్పళ్లు, శొంఠి, మిరియాలు ప్రసిద్ధమైనవి. వాసావలేహ్యం, సితోపలాది చూర్ణం, తాలీసాది చూర్ణం నేటికీ వాడుకలో ఉన్నాయి. అడ్డసరం ఆకులోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే కఫాన్ని పలుచబరిచే బ్రోమ్‌హెక్సిన్ అనే మందు రూపొందింది. ఉమ్మెత్త కథ మరింత విచిత్రమైనది. ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పీల్చే పద్ధతిని జనరల్ జెంట్ అనే సైనికాధికారి 1802లో మద్రాసు నుండి ఇంగ్లండుకు తీసుకొనిపోయాడు. ఉమ్మెత్తలో ఉన్న అట్రోపిన్ విషతుల్యం. దానినే మార్చి రూపొందించిన ఇప్రాట్రోపియం తీవ్రమైన ఆయాసంలో నేడు ప్రాణాలు నిలుపుతున్నది. మోతాదు తెలిస్తే మందు, తెలియకుంటే విషం. 2008లో అమెరికా పరిశోధకులు అంతర్జాలంలో విక్రయించే ఆయుర్వేద మందులను పరీక్షించగా, సుమారు ఐదవ వంతు మందులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. కాబట్టి అర్హత గల వైద్యుని సలహా లేక ఏ చూర్ణమూ, ఏ గుళికా వాడరాదు.

ప్రాణాయామం విషయంలోనూ ఈ వివేకం అవసరం. నిదానంగా ముక్కుతో గాలి పీల్చి, అంతకంటె నిదానంగా విడవడం, భ్రామరి, నాడీశోధన వంటివి రోగికి ధైర్యాన్ని, నిబ్బరాన్ని ఇస్తాయి. భయంతో గబగబ ఊపిరి తీసే అలవాటును తగ్గిస్తాయి. శ్వాసాభ్యాసం వలన రోగుల జీవన నాణ్యత కొంత మెరుగుపడుతుందని పరిశోధనలు సూచిస్తున్నాయి. అయితే శ్వాసనాళాల వాపును అది తగ్గిస్తుందనడానికి తగిన ఆధారాలు లేవు. భస్త్రిక, కపాలభాతి వంటి వేగవంతమైన అభ్యాసాలను ఆయాసం ఉన్న వేళ చేయరాదు.

పదిహేడేళ్ల విద్యార్థిని ఒకతె ఇన్‌హేలరును తోటివారి ముందు తీయడానికి సిగ్గుపడి సంచి అడుగున దాచుకొంటుంది. నాలుగు నెలలు ప్రాణాయామం చేసి, తేలికపడ్డానని భావించి, దానిని పూర్తిగా మానివేస్తుంది. మొదటి వాన కురిసిన రాత్రి ఊతకోల విలువ తెలిసివస్తుంది. ఇటువంటి పొరపాటు ఎన్నో ఇళ్లలో జరిగేదే. ఇన్‌హేలరు మందు మైక్రోగ్రాముల మోతాదులో నేరుగా శ్వాసనాళాలకు చేరుతుంది. అది సిగ్గుపడవలసిన వస్తువు కాదు. తక్షణ ఉపశమనం కలిగించే మందు ఒక్కదానితోనే సరిపెట్టుకోరాదని, వాపును తగ్గించే మందు కూడ అవసరమని గ్లోబల్ ఇనీషియేటివ్ ఫర్ ఆస్తమా అనే సంస్థ 2019లో పెద్దలకు, కౌమార వయస్కులకు సూచించింది. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలిబారినా, మందు పీల్చినా తగ్గకున్నా కషాయం కాచుకొంటూ కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి చేరాలి.

దుమ్ము, పొగ, చలిగాలికి దూరంగా ఉండడం పథ్యం. వైద్యుడు చెప్పిన మందును క్రమం తప్పక వాడడం ఊతకోల. శ్వాసాభ్యాసం ఆ ఊతకోలకు తోడు, దానికి ప్రత్యామ్నాయం కాదు. వ్యాధి యాప్యమని అంగీకరించడం ఓటమి కాదు. ఆ అంగీకారంతోనే రోగి చదువును, ఆటను, నిద్రను తిరిగి పొందగలుగుతాడు.

కఠిన పదాలు - అర్థాలు
యాప్యం : చికిత్సతో అదుపులో ఉండే వ్యాధి
ఉపశమించు : తగ్గు, శాంతించు
ఊతకోల : ఆధారంగా నిలిపే కర్ర
కాలయాపన : కాలం గడపడం
ప్రత్యామ్నాయం : బదులుగా వాడదగినది

ప్రశ్నలు
1. తమకశ్వాస లక్షణాలను వివరించండి.
2. యాప్యవ్యాధిని సుశ్రుతుడు దేనితో పోల్చాడు? ఆ పోలికలోని ఔచిత్యమేమిటి?
3. ఉమ్మెత్త వృత్తాంతం వలన తెలిసే నీతి ఏది?
4. శ్వాసాభ్యాసం మందుకు తోడే గాని ప్రత్యామ్నాయం కాదని ఎందుకు చెప్పాలి?