ఆయిలు ఇంజను నల్లపొగ విడిచినపుడు

మీ బావి మీది పాత డీజిలు ఇంజను నల్లపొగ విడుచుచు బరువు లాగలేకున్నచో ముందు గాలి ఫిల్టరు చూడవలెను. అది శుభ్రముగా ఉన్నచో దోషము తరచు ఇంజెక్టరులో ఉండును.

ఇంజను చల్లారిన తరువాత ఇంజెక్టరును ఊడదీసి, నాజిల్ బయటికి ఉండునట్లు డీజిలు గొట్టమునకే తిరిగి బిగించి, హాండిలు త్రిప్పవలెను. డీజిలు అన్ని రంధ్రముల నుండి సమముగా తుంపరలై చిమ్మవలెను. ధారగా కారినను, చివర బొట్టు నిలిచినను నాజిల్ చెడినట్లే. చుట్ట, బీడీ దగ్గరకు రానీయరాదు. నాజిల్ ముందు చేయి అసలే పెట్టరాదు. ఆ చిమ్ము చర్మమును చీల్చుకొని లోనికి పోవును. పైకి సూదిపోటంత గాయమే కనబడినను లోపల కండ చచ్చి వ్రేలు తీసివేయవలసి రావచ్చును. నొప్పి లేదని ఊరుకొనక, వెంటనే ఆసుపత్రికి పోయి డీజిలు లోనికి పోయినదని డాక్టరుకు చెప్పవలెను.

నాజిల్‌ను శుభ్రమైన డీజిలులో కడిగి, మసిని ఇత్తడి బ్రష్షుతో తీయవలెను. గుడ్డతో తుడువరాదు, రంధ్రము మూసుకొనుటకు ఒక్క నూలుపోగు చాలును. సూది, దాని ఒర జతగా చేసినవి, మరొకదానితో కలుపరాదు. కడిగిన సూది తన బరువుతోనే ఒరలోనికి జారవలెను. పట్టివేసినను, బొట్టు ఇంకను నిలిచినను జతనే మార్పించవలెను. స్ప్రింగు మరను మీరు త్రిప్పరాదు. ఒత్తిడిని వర్కుషాపులో మీటరు పెట్టి సరిచేయుదురు.

నేను చూచిన వానిలో ఎక్కువ భాగము మూతలేని డబ్బాలలో తెచ్చిన డీజిలు వలన చెడినవే. వడగట్టి పోసినచో ఈ శ్రమ చాలవరకు తప్పును.

తిరిగి బిగించునపుడు క్రొత్త రాగి వాషరు వేసి, గొట్టములోని గాలిబుడగలు పోయిన తరువాతనే ఇంజను నడుపవలెను.