మానమని చెప్పడం ఒక్కటే చాలదు



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బస్టాండుల్లో రాత్రిపూట అరుగుల మీద పడుకునేవారిని మీరు చూసే ఉంటారు. వారిలో ముంబయి, పుణె పనుల నుండి తిరిగివచ్చిన వలసకూలీ ఉండవచ్చు. ఒకప్పుడు దేశ సరిహద్దును కాపాడిన సైనికుడూ ఉండవచ్చు. కల్లు వాసన తగలగానే "తాగుబోతు, వాడి ఖర్మ" అని సాగిపోతాము. ఈ తీర్పు ఎంతవరకు న్యాయమో ఆలోచిద్దాము.

మొదటి సీసా ఎత్తినప్పుడు మనిషికి స్వేచ్ఛ ఉంది. ఏళ్లు గడిచి, చేతులు వణకకుండా ఉండడానికే తాగవలసి వచ్చినప్పుడు ఆ స్వేచ్ఛ చాలావరకు తరిగిపోతుంది. బాధ్యత పూర్తిగా పోదు గాని, అతడు రోగి కూడా అయ్యాడు. రోగికి బోధతోపాటు వైద్యం కావాలి.

మన పాలమూరులో ఇది మరింత నిజం. ఇక్కడ చాలాచోట్ల అమ్మేది చెట్టు కల్లు కాదు. క్లోరల్ హైడ్రేట్, డైజోపాం, ఆల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపిన కల్లు. మెదడు వాటికి అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు రావచ్చు, ప్రాణమే పోవచ్చు. 2015 సెప్టెంబరులో కల్తీకల్లును అధికారులు కట్టడి చేసినప్పుడు, అప్పటి మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో వందలమంది వణుకుతో, మూర్ఛలతో, పిచ్చిమాటలతో ఆసుపత్రుల పాలయ్యారు.

పునీత కమిల్లస్ గారి జీవితం చూడండి. 1550లో ఇటలీలో జన్మించి, వెనిస్ సైన్యంలో చేరాడు. కాలికి మానని పుండు, మనసుకు జూదం పట్టుకున్నాయి. రోము ఆసుపత్రిలో చేరితే, జూదం, కలహాల వల్ల అక్కడివారు పంపివేశారు. ఉన్నదంతా ఓడిపోయి, 1574లో మాన్‌ఫ్రెడోనియాలో గుడి వాకిట బిచ్చమెత్తాడు. అక్కడ ఒక పెద్దమనిషి అతనికి కపూచిన్ మఠం కట్టే పని ఇప్పించాడు. 1575లో అతని మనసు మారింది. కాలి పుండు మాత్రం 1614లో మరణించేవరకు మానలేదు. ఆ కాలితోనే రోగులకు సేవ చేసి, సేవాసభను స్థాపించాడు. 1886లో 13వ లియో జగద్గురువులు ఆయనను రోగులకు పాలక పునీతునిగా ప్రకటించారు. ఆ వాకిట అతనికి ముందుగా దొరికింది పని, నీడ.

మనం చేయగలిగినవి:

1. వ్యసనపరుని గదిలో పెట్టి తాళం వేయవద్దు. మందుల మోతాదు క్రమంగా తగ్గిస్తూ మాన్పించడం వైద్యుల పని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలులో ప్రభుత్వ వైద్యకళాశాలల ఆసుపత్రులున్నాయి. హైదరాబాదు ఎర్రగడ్డలో మానసిక చికిత్సాలయం ఉంది. వ్యసన విముక్తికి 14446, మానసిక సలహాకు 14416 నంబర్లకు ఫోను చేయవచ్చు.

2. అతని పాదాలను చూడండి, దగ్గును గమనించండి. షుగరు పుండు, క్షయ తాగుడు చాటున దాగి ముదిరిపోతాయి.

3. మాజీ సైనికుడైతే డిశ్చార్జి పుస్తకం, పెన్షను కాగితాలు ఉన్నాయేమో అడిగి, సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడు వెళ్లండి. పెన్షను పొందే సైనికులకు 2003 నుండి ఇ.సి.హెచ్.ఎస్. వైద్య పథకం ఉంది. కాగితాలు పోగొట్టుకున్నవాడు ఒంటరిగా ఆ గడప ఎక్కలేడు.

చికిత్స ముగిసి వచ్చినవాడు మళ్లీ బస్టాండు అరుగుకే చేరితే, కల్లు దుకాణం దగ్గరలోనే ఉంటుంది. అతనికి ఒక గది, చిన్న పని చూపగలవారు మన విచారణలోనే ఉన్నారేమో, ఈ ఆదివారం ఒకరినొకరు అడిగి తెలుసుకోండి.